మన పెరట్లో చెట్లు: ఇక్కడివి, సీమ నుంచి వచ్చినవి

ఏటా తొలకరి పడగానే మన వీధుల్లోకి మొక్కల ఆటోలు వస్తాయి. కడియం వైపు నుంచి లారీల్లో దిగిన మొక్కలను నల్ల కవర్లతో వరుసగా పేర్చుకుని, మైకులో పేర్లు వినిపిస్తూ తిరుగుతాయి. పదిహేనేళ్ల కిందట ఆ పేర్లు జామ, నిమ్మ, దానిమ్మ, సపోటా. ఇప్పుడు వాటితోపాటు అవకాడో, రాంబుటాన్, మియాజాకి మామిడి, ఆపిల్, జైతూన్ అని కూడా వినిపిస్తోంది. మామూలు జామ అంటు వంద, నూటయాభైకి దొరుకుతుంటే, ఈ కొత్త పేర్లకు ఐదు వందలు, వెయ్యి, ఒక్కోసారి అంతకు మించి అడుగుతున్నారు.

కొనేవారిలో చాలామంది మూడు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నవారే. గదులు, మెట్లు, నీళ్ల సంపు, మరుగుదొడ్డి గుంత, బండ్లు నిలిపే జాగా పోగా మట్టి కనిపించేది పదడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు. సెంటున్నర కాలనీ ఇళ్లలో అదీ ఉండదు. అంత చోటులో పట్టేది రెండు మూడు చిన్న చెట్లు, లేదా ఒక నడితరం చెట్టు. నాటామంటే ఇరవై ముప్పై ఏళ్లు దానితోనే కాపురం. కాపుకు రాని మొక్కకు ఐదేళ్లు నీళ్లు పోసి, చివరికి కొట్టేసి మళ్లీ మొదలుపెట్టిన ఇళ్లు మేము చాలా చూశాం. ఆ ఇళ్లలో పిల్లలు ఈలోగా పెద్దవాళ్లయి పోయారు, పెరట్లో కాయ కోసుకు తినలేదు. అందుకే ఈ ఏటి సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఈ విషయమే ఎంచుకున్నాం. సైన్సు పాఠం చెప్పడం మా వృత్తి. ఇదీ కొంచెం పాఠంలాగే సాగుతుంది, పాఠకులు ఓపిక పట్టాలి.

ఎవరు మనవాళ్లు, ఎవరు పరాయివాళ్లు?

"విదేశీ చెట్లు మంచివి కావట కదా సార్?" అని ఈ మధ్య పిల్లలే కాదు, వాళ్ల తల్లిదండ్రులు కూడా అడుగుతున్నారు. ప్రశ్న మంచిదే గాని, దానికి అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో చెప్పలేం. పచ్చిమిరప, జామ, బొప్పాయి, సీతాఫలం, సపోటా, జీడిమామిడి, అనాస అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. 1498లో వాస్కో డ గామా కోళికోడ్ చేరాక మొదలైన పోర్చుగీసు ఓడల రాకపోకలతో వీటిలో చాలా మొక్కలు మన తీరానికి దిగాయి. అంతకుముందు మన వంటల్లో కారానికి మిరియాలే దిక్కు. సీతాఫలానికి ఆ పేరు పెట్టుకుని, అది రామాయణ కాలం నుంచీ మన కొండల్లోనే కాసిందన్నట్టు మాట్లాడుకుంటాం.

చింత సంగతి ఇంకా తమాషా. చింతపండును అరబ్బులు 'తమర్ హిందీ' అన్నారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. ఇంగ్లీషు వాళ్ల టామరిండ్, వృక్షశాస్త్రంలోని టామరిండస్ ఇండికా అన్న పేర్లు అందులోంచే పుట్టాయి. పేరులో ఇండియా ఇంత గట్టిగా ఉన్నా దాని పుట్టిల్లు ఆఫ్రికా. ఎంత కాలం కిందట వచ్చిందో గాని, అది లేకుండా పప్పుచారు లేదు, మన ఇళ్లలో కిచిడీ పక్కన ఖట్టా లేదు.

మన పెద్దలకు ఈ తేడా తెలుసు. బయటి నుంచి వచ్చిన వాటి పేరుకు ముందు 'సీమ' అని తగిలించారు. ఇక్కడ సీమ అంటే మన రాయలసీమ కాదు, ఓడ దాటి అవతల ఉన్న దేశం. బడి పిల్లలు రాళ్లు వేసి రాల్చుకు తినే సీమచింత మెక్సికో, మధ్య అమెరికాల చెట్టు. కూరకు తెచ్చుకునే సీమవంకాయదీ ఆ ప్రాంతమే. ఎండాకాలంలో ఊరంతా ఎర్రగా పూసే తురాయి మడగాస్కర్ నుంచి వచ్చింది.

కాబట్టి ఊరు పేరు చూసి చెట్టును మంచిదని, చెడ్డదని తేల్చలేం. మేము తరగతిలో బయటి చెట్లను మూడు రకాలుగా చెబుతుంటాం: వచ్చి కలిసిపోయినవి, వచ్చి ఆక్రమించినవి, వచ్చి బతకలేనివి. జామ, సపోటా మొదటి రకం. వాటిని పరాయివి అంటే మనకే నవ్వొస్తుంది. పెరటిదాకా వచ్చేసరికి చిక్కంతా మిగతా రెండు రకాలతోనే.

ఆక్రమించినవి అనగానే మన కడప జిల్లా పేరు చెప్పక తప్పదు. సర్కారు తుమ్మ విత్తనాలను జమైకా నుంచి తెప్పించి 1877లో నాటింది కమలాపురం ప్రాంతంలోనే. చెట్లు లేని ఎండు నేలల్లో వంటచెరకుకు పనికొస్తుందని అప్పటి మద్రాసు ప్రభుత్వ అటవీ అధికారుల ఆలోచన. సర్కారు వేసిన తుమ్మ కాబట్టి జనం సర్కారు తుమ్మ అన్నారు. ఆకు పశువు ముట్టదు, కాయ మాత్రం మేకలు, ఆవులు ఇష్టంగా తింటాయి. తిన్న చోటి నుంచి మరో చోటికి పేడతో, పెంటికలతో విత్తనాలు చల్లుకుంటూ పోయాయి. ఈరోజు మన చెరువు గర్భాల్లో, వంక ఒడ్డుల్లో, బంజర్లలో అదే. ఎన్నో పేద ఇళ్ల పొయ్యి దాంతోనే మండింది, బొగ్గు కాల్చి బతికినవారూ ఉన్నారు, అది కాదనలేం. కానీ దాని కింద గడ్డి లేచే చోటు, మన తంగేడు, రేగు మొలిచే చోటు తగ్గిపోయాయి. నీళ్లు అక్కర్లేదు, పశువు తినదు, ఏడాదికి మనిషెత్తు పెరుగుతుంది అని ఎవరైనా ఒక మొక్కను మెచ్చుకుంటే కొంచెం ఆగి ఆలోచించమని మేము చెప్పేది అందుకే.

కోనోకార్పస్ సంగతి

ఆ మూడు మెప్పులతోనే ఈ చెట్టు మన పట్టణాల్లోకి వచ్చింది. మన వైపు నుంచి కువైట్ వెళ్లి వచ్చినవారికి దీన్ని పరిచయం చేయనక్కరలేదు. అక్కడ రోడ్ల పక్కన, ఇళ్ల చుట్టూ పచ్చటి గోడలా కత్తిరించి పెంచేది ఇదే. సోమాలియా, యెమెన్ తీరాల చెట్టు. ఉప్పునేలను, ఎండను, ఇసుక గాలిని తట్టుకుంటుంది. మన దగ్గర మొదట రోడ్డు డివైడర్ల మీద, కొత్త లేఅవుట్లలో కనిపించి, అక్కడి నుంచి ఇళ్ల ప్రహరీ వెంబడి చేరింది. బయటివారి చూపు పడకుండా పరదాలా ఉంటుందని చాలా ఇళ్లలో వరుసగా పెట్టుకున్నారు.

దాని వేరు తేమ ఎక్కడుంటే అక్కడికి పోతుంది. ఎడారిలో అది బతకడానికి పనికొచ్చిన గుణం. ఇంటి పక్కన తేమ ఉండేది మురుగు గొట్టంలో, సంపు పగుళ్లలో, మరుగుదొడ్డి గుంతలో. మాకు తెలిసిన ఒక ఇంట్లో గోడ వెంట వరుసగా నాటిన నాలుగైదేళ్లకు నీళ్లు వెనక్కి తన్నడం మొదలైంది. గొట్టం తవ్వి తీస్తే లోపల ఆడపిల్ల జడలా అల్లుకున్న వేళ్ల కట్ట. అరుగు పగలగొట్టి కొత్త గొట్టాలు వేయించడానికి అయిన ఖర్చుతో పది ఇళ్లకు జామ అంట్లు కొనిపెట్టవచ్చు. గల్ఫ్ దేశాల్లోనూ ఈ చెట్టు మీద ఇదే ఫిర్యాదు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడం నిషేధించింది. వేళ్లతో పాటు, పూత కాలంలో పుప్పొడి వల్ల జలుబు, ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది అని కూడా కారణం చూపింది. తెలంగాణలో హరితహారం మొక్కల్లోంచి కూడా దీన్ని తప్పించారు.

అయితే ఒక ప్రచారాన్ని మాత్రం సరిదిద్దాలి. ఈ చెట్టు ప్రాణవాయువును పీల్చేసి విషవాయువు వదులుతుందని ఫోన్లలో తిరుగుతోంది. శ్వాస తీసుకునేటప్పుడు ప్రతి చెట్టూ ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పగలు ఎండలో ఆహారం తయారుచేసుకుంటూ అంతకన్నా ఎక్కువ ఆక్సిజన్ ఇస్తుంది. వేపకూ అంతే, కోనోకార్పస్‌కూ అంతే. ఏడో తరగతి పుస్తకంలో ఉన్న విషయం ఇది. ఆ చెట్టు తీసేయడానికి మురుగు గొట్టం చాలు, లేని నేరం మోపనక్కరలేదు. తీసేవారు మొదలు దాకా నరికి ఊరుకుంటే మళ్లీ చిగురిస్తుంది, మోడును వేళ్లతో సహా తవ్వి తీయాలి. మున్ముందు ఏ చెట్టయినా పెద్దదాన్ని కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఒకటి ఉందని, అనుమతి అడగాలని కూడా గుర్తుంచుకోవాలి.

మనవైనంత మాత్రాన

దేశవాళీ చెట్టు అంటే కళ్లు మూసుకుని నాటేయవచ్చు అనుకోవడం కూడా పొరపాటే. రావి, మర్రి అచ్చంగా మన నేలవి. పిట్ట రెట్టలో పడిన గింజ పిట్టగోడ పగులులో మొలిచి, చూస్తుండగానే గోడను చీల్చడం అందరికీ తెలిసిందే. ఏడాకుల పాల మన అడవి చెట్టే. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నంలో పడిపోయిన చెట్ల బదులు దాన్ని ఎక్కువగా నాటారు. పూతకు వచ్చాక ఆ ఘాటు వాసన భరించలేక జనమే వాటిని తీసేయమని అడిగారు. నర్సరీల్లో అశోకం పేరుతో అమ్మే పొడవాటి చెట్టు అసలు అశోకం కాదు, నరమామిడి. ఇది తిట్టు కాదు, గోడ పక్కన సన్నగా పెరుగుతుంది కాబట్టి పరదాకు కోనోకార్పస్ కన్నా ఎన్నో రెట్లు నయం.

వేప గురించి కొంచెం ఆగి చెప్పాలి. నీడకు దాన్ని మించింది లేదు. ఎండాకాలం ముందు ఆకు రాల్చి, ఎండలు ముదిరే వేళకు కొత్త ఆకుతో నిలబడే చెట్లు ఎన్ని ఉన్నాయి? కానీ పదడుగుల పెరట్లో కాదు, వాకిలి బయట, గోడకు కనీసం పదిహేనడుగుల దూరంలో. 2021లో తెలంగాణ, ఆంధ్ర జిల్లాల్లో వేపచెట్లు కొమ్మల చివరి నుంచి మాడిపోతూ వచ్చాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు కారణం. చెట్టు చచ్చిపోయిందనుకుని చాలామంది మొదలంటా కొట్టించారు. తొందరపడనివారి చెట్లు ఎక్కువ భాగం తర్వాత మళ్లీ చిగిర్చాయి. అలా మాడినట్టు కనిపిస్తే ఎండిన కొమ్మలు తీసేసి ఒక వానాకాలం ఆగి చూడండి.

ఖర్జూరం, అంజూర, జైతూన్...

ఖురాన్‌లో పేరు వచ్చిన చెట్లు ఇంట్లో ఉండాలని మనవాళ్లలో చాలామందికి కోరిక. ఖర్జూరం, అంజూర, జైతూన్, దానిమ్మ, ద్రాక్ష. మొక్కలమ్మే వాళ్లకూ ఈ సంగతి తెలుసు, రంజాన్ ముందు ధర పెంచుతారు. కోరిక గురించి కాదు గాని, మొక్క గురించి చెప్పగలం.

వీటిలో మన ఎండకు, మన నేలకు బాగా కుదిరేది దానిమ్మ. పక్కనే అనంతపురం రైతులు తోటలుగా వేస్తున్నారు. పెరట్లో ఒక్క చెట్టయితే నీళ్లు ఒక పద్ధతిలో ఇవ్వాలి. నెలంతా ఎండగట్టి ఒక్కసారి బిందెలు కుమ్మరిస్తే కాయ పగులుతుంది. వానాకాలంలో ఆకు మీద, కాయ మీద నల్లటి మచ్చలు వస్తే ఆ కొమ్మలు కత్తిరించి కాల్చేయాలి, చెట్టు కింద వదలకూడదు.

అంజూర కూడా నిక్షేపంగా వస్తుంది. మన దగ్గర దొరికే రకాలకు పరాగ సంపర్కం అవసరం లేదు, ఒక్క చెట్టున్నా కాస్తుంది. కొత్త కొమ్మల మీదే కాయ కాబట్టి వానలు వెనకబడ్డాక ఏటా కత్తిరిస్తూ మనిషెత్తులో ఉంచుకోవచ్చు. పాలు ఒంటికి తగిలితే దురద పెడుతుంది, కత్తిరించేటప్పుడు చేతికి గుడ్డ కట్టుకోండి. పండు మెత్తబడే వేళకు మీకన్నా ముందు పికిలి పిట్టలు వస్తాయి. సంచి కట్టడమో, వాటితో పంచుకోవడమో మీ ఇష్టం. ద్రాక్ష పందిరికి ఏడాదికి రెండు కత్తిరింపులు, మందు పిచికారీలు కావాలి. ఉద్యోగాలు చేసుకునే ఇంట్లో అది సాగదు.

జైతూన్ మధ్యధరా సముద్ర తీరాల చెట్టు. ఎండను తట్టుకుంటుంది గాని, చలికాలపు చలి సరిపడా తగిలితేనే పూమొగ్గ వేస్తుంది. రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ సాయంతో తోటలు వేశారు, అక్కడి చలికాలం మనకన్నా గట్టిది. మన డిసెంబరు రాత్రుల చల్లదనం దానికి ఏ మూలకూ చాలదు. వెండిరంగు ఆకు అందంగా ఉంటుందనుకుంటే కుండీలో పెట్టుకోండి. కాయ కోసం ఎదురుచూడవద్దు.

ఇక ఖర్జూరం. దీని మీద ఆశ ఎక్కువ, తెలిసింది తక్కువ. ఇఫ్తార్‌లో తిన్న పండు గింజను కుండీలో వేస్తే నెలా రెండు నెలల్లో గడ్డిపోచలా మొలుస్తుంది. పిల్లలు సంబరపడతారు, పెద్దవాళ్లు తెచ్చి గేటు పక్కన నాటుతారు. అక్కడి నుంచి లెక్క మొదలవుతుంది. ఖర్జూరంలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. గింజ మొక్కల్లో దాదాపు సగం మగవి, అవి ఎన్నటికీ కాయవు. ఏది ఏదో పూత వచ్చేదాకా తెలియదు, పూతకు ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆడదే అయినా, మీరు తిన్న అజ్వా రుచి ఆ కాయకు వస్తుందన్న నమ్మకం లేదు. గింజ నుంచి పుట్టిన చెట్టు తల్లిని పోలదు. అందుకే ఖర్జూర దేశాల్లో మంచి చెట్టు మొదట్లో వచ్చే పిలకలను వేరుచేసి నాటుతారు. ఇప్పుడు టిష్యూ కల్చర్ మొక్కలు కూడా వస్తున్నాయి, ఆడవేనని హామీతో. ఒక్కోటి వేల రూపాయల్లో ఉంటుంది.

ఆడ మొక్కే కొన్నారనుకుందాం. దగ్గర్లో మగ చెట్టు లేకపోతే పుప్పొడి తెచ్చి చేత్తో పూతకు పట్టించాలి. అరబ్బు రైతులు వేల ఏళ్లుగా చెట్టెక్కి చేస్తున్న పని అదే. ఖర్జూరానికి కాళ్లు నీళ్లలో, తల నిప్పుల్లో ఉండాలని వాళ్ల సామెత. నిప్పులు మన కడపలో లోటు లేదు. తేడా వచ్చేది వానతో. ఇరాక్, అరేబియాలలో పండు మాగే నెలల్లో ఆకాశం నుంచి చుక్క పడదు. మన దగ్గర సరిగ్గా కాయ పండబోయే వేళకు వానలు దిగుతాయి, మాగిన కాయ చెట్టు మీదే పులిసి రాలుతుంది. గుజరాత్ కచ్ రైతులు దీనికి కనిపెట్టిన ఉపాయం, వానలకు ముందే దోరకాయ కోసేయడం. బర్హీ వంటి రకాలు పసుపురంగులో దోరగా ఉన్నప్పుడే తీయగా, కరకరలాడుతూ ఉంటాయి. కాబట్టి పెట్టదలచుకుంటే బర్హీ పెట్టండి. దానికి ఇరవై అడుగుల చోటు కావాలి, ఆకుల మొదట్లో సూదుల్లాంటి ముళ్లుంటాయి, పిల్లలు ఆడే వాకిట్లో ప్రమాదం. మూడు సెంట్ల ఇంట్లో ఖర్జూరం పెడితే ఇంకేదీ పెట్టలేరు. ఐదారు సెంట్లు ఖాళీ ఉన్నవారికి, ఓపిక ఉన్నవారికి మేము వద్దనం.

పేరు గొప్ప మొక్కలు

మిగతా కొత్త పేర్ల సంగతి తొందరగా ముగించవచ్చు. ఆపిల్ మామూలు రకాలకు చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వెయ్యి గంటల దాకా కావాలి. హిమాచల్‌లో హరిమన్ శర్మ రూపొందించిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 లాంటి రకాలకు ఆ చలి తక్కువున్నా చాలు, మైదానాల్లోనూ కాయించినవారున్నారు. అయినా 44 డిగ్రీల ఎండలో దాన్ని కాపాడుకునే శ్రమతో నాలుగు జామచెట్లు పెంచవచ్చు. రాంబుటాన్‌కు కేరళ తేమ గాలి కావాలి. అవకాడో కొడగు, కొడైకెనాల్ కొండల చల్లదనంలో కాస్తుంది, మన వడగాలికి ఆకు మాడుతుంది, వేరు దగ్గర నీరు నిలిస్తే కుళ్లుతుంది.

మియాజాకి మామిడి గురించి పత్రికల్లో లక్షల లెక్కలు చూసి చాలామంది అడుగుతున్నారు. జపాన్‌లోని మియాజాకి అనే ప్రాంతంలో పండించే ఇర్విన్ రకం అది, ఇర్విన్ పుట్టింది అమెరికాలోని ఫ్లోరిడాలో. అక్కడ గాజుఇళ్ల వంటి వాటిలో ఒక్కో కాయకు వల కట్టి, బరువు, తీపి కొలిచి, అన్నిట్లో నెగ్గిన వాటికే ఆ ధర. మన పెరట్లో కాసిన కాయకు ఆ ధర ఎవరూ ఇవ్వరు. నవాబుల ఏలుబడిలో పేరుపొంది, 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న బంగినపల్లి మన పొరుగూరుది. చోటు తక్కువైతే ఆమ్రపాలి అనే పొట్టి రకం ఉంది, కత్తిరిస్తూ ఉంటే పన్నెండడుగులు దాటనివ్వకుండా పెంచుకోవచ్చు.

పది అడుగుల చోటులో

ఏ చెట్టయినా కొనేముందు, ఇది ఎలాంటి వానలో, ఎలాంటి చలిలో పుట్టింది, ఇరవై ఏళ్లకు ఎంతవుతుంది, ఒక్కటే ఉంటే కాస్తుందా అని అడగండి. అమ్మేవాడు చెప్పలేకపోతే రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగవచ్చు. ఉసిరి ఒంటరిగా ఉంటే పూత నిండా పూసి కాయ నిలవదు, పక్కన మరో రకం ఉసిరి ఉండాలి. ఇది తెలియక ఉసిరిని గొడ్డుదని కొట్టేసినవారున్నారు.

మా సలహా ఇది. ఇంటికి పడమటి వైపు చోటుంటే మొదటి చెట్టు అక్కడే పెట్టండి. మధ్యాహ్నం మూడు నుంచి ఆ గోడ తాగే ఎండే రాత్రంతా గదిలో వేడిగా బయటికొస్తుంది. అక్కడ జామ గాని, కత్తిరించుకునే మామిడి గాని. గోడకు ఆరేడు అడుగుల ఎడం చాలు. వంటింటి వెనుక మూల కరివేపాకు. ఇంకొక చోటుంటే నిమ్మ, అందులో బాలాజీ రకం గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పిట్టరెట్ట లాంటి పురుగు కనిపిస్తే మందు కొట్టకండి. కొద్ది రోజుల్లో పచ్చగా మారి, తర్వాత సీతాకోకచిలుక అవుతుంది. మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ పాఠం పుస్తకంలో కన్నా ఆ కొమ్మ మీదే బాగా అర్థమవుతుంది. ఇంటి ముందు మునగ ఉండకూడదని అంటారు. ఆ మాటలో మూఢనమ్మకం కన్నా అనుభవం ఎక్కువ, దాని కొమ్మ పెళుసు, గొంగళిపురుగులు గుంపులుగా దిగుతాయి. వెనుక వైపు పెట్టుకుంటే ఆకుకూర, కాయ రెండూ ఇచ్చే చెట్టు. బయట వీధిలో చోటుంటే కానుగ, పొగడ. నేరేడు కూడా బాగుంటుంది, రాలిన పండ్లతో నేల నల్లబడినా తట్టుకోగలిగితే.

జూలై, ఆగస్టుల్లో రెండు మంచి వానలు పడ్డాక రెండడుగుల గుంత తీయండి. పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క వేసి, పై మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. పచ్చి పేడ వద్దు, చెదలు వస్తాయి. ఆటోలో వచ్చిన మొక్క గోదావరి కొబ్బరి నీడల్లో పెరిగింది, దాన్ని తెచ్చిన రోజే మన ఎండలో పెడితే వాడిపోతుంది. వారం రోజులు నీడలో ఉంచి అలవాటు చేయండి. కవరు పూర్తిగా చించి తీయాలి, అడుగున చుట్టలు చుట్టుకున్న వేళ్లుంటే కత్తిరించాలి. అంటు కట్టిన చోటు మట్టికి జానెడు పైన ఉండాలి.

నీళ్లు మన వైపు ఎప్పుడూ తక్కువే. మొక్క పక్కన అడుగున చిన్న రంధ్రం చేసిన కుండను మెడదాకా పాతి, రంధ్రంలో గుడ్డ వత్తి పెట్టి నింపితే రెండు మూడు రోజులు వేరుకు తేమ అందుతుంది. మొదట్లో ఎండుటాకులు మందంగా పరిస్తే ఆ నీరు ఆవిరి కాదు. వుజూ నీళ్లలో సబ్బు ఉండదు, ఇంట్లో నలుగురు అయిదు పూటలా చేసుకుంటే పోయే నీరు తక్కువేమీ కాదు. ఆ కుళాయి కింద చిన్న కాలువ తీసి చెట్టు పాదుకు మళ్లించవచ్చు. బట్టలుతికిన నీళ్లు మాత్రం నిమ్మకు, దానిమ్మకు పోయకండి.

మొదటి రెండేళ్లు అంటు కింది భాగం నుంచి చిగుళ్లు వస్తుంటాయి. అవి నాటు మొక్కవి, బలంగా పెరిగి పైనున్న మంచి రకాన్ని చంపేస్తాయి, కనిపించినప్పుడల్లా గిల్లేయాలి. అంటు మామిడి రెండో ఏడే పూస్తుంది. ఆ పూత ఉంచితే మొక్క ఎదగదు, మూడేళ్లదాకా తుంచేయడమే మంచిది. పిల్లలు ఒప్పుకోకపోతే ఒక్క కాయ ఉంచి, బరువుకు కొమ్మ విరగకుండా కింద పంగల కర్ర ఆనించండి.